ముక్కు

తలుపు తోసుకుని లోపలికొస్తే మొదట కనిపించేది
దేవుడు కాదు, నువ్వే.
వంగిన వీపు మీద గవ్వలాంటి తొట్టి,
తొట్టిలో దీవెన నీళ్ళు,
దాని కింద పళ్ళు బిగించిన నీ ముఖం.
అస్మోదే, నూట పాతికేళ్ళుగా ఈ చర్చిలో
ఒళ్ళు వంచి పనిచేస్తున్నవాడివి నువ్వొక్కడివేనని
మా అత్త అనేది,
ఫాదర్ వినకుండా.

నీ కథ ఆవిడే చెప్పింది, కానాగంతల పొట్టలు చీలుస్తూ.
ఎక్కడో తూర్పున ఒక పిల్ల మీద మనసు పడ్డావట.
ఏడుగురు పెళ్ళికొడుకుల్ని
తొలి రాత్రి తెల్లారనివ్వలేదట.
ఎనిమిదోవాడు నిప్పుల మీద చేప కార్జం వేస్తే
ఆ కమురు వాసనకి
ముక్కు మూసుకుని ఐగుప్తు దాకా పరిగెత్తావట.
ఇంకో కథలో ఒక రాజు నిన్ను కట్టేసి
గుడికి రాళ్ళు మోయించాడట.
రెండూ నిజమేనని అత్త తీర్మానం:
"ప్రేమించినోడికి కూలిపని తప్పుద్దా?"

నేను చేపలమ్మే మనిషిని.
తెల్లారి నాలుగింటికి రేవులో మంచుపెట్టెల ముందు నిలబడితే
మధ్యాహ్నానికి గోళ్ళ కింద, జుట్టులో,
ఉంగరం కింది చర్మంలో కూడా అదే వాసన.
నిమ్మచెక్కకి పోదు, సబ్బుకి పోదు.
తొట్టిలో వేళ్ళు ముంచే ముందు ప్రతిసారీ
నీ చెవి దగ్గర వంగి అనేదాన్ని:
"ఓర్చుకో నాయనా, ఒక్క క్షణం."

జుడికాయెల్ మాత్రం ఆ వేళ్ళే పట్టుకుని వాసన చూసేవాడు,
రొట్టెల కొట్టు ముందు పిల్లాడిలా.
ఆ ముక్కు ఎడమకి కాస్త ఒరిగి ఉండేది,
పదహారో ఏట తెరచాప దూలం తగిలి.
ఫిబ్రవరిలో పోయాడు.
పడవ దొరికింది. ఒక బూటు దొరికింది.
పూడ్చడానికి ఏమీ లేక పేరు గోడ మీద చెక్కించాం,
ఇంకో పదకొండు మంది కింద.
నువ్వు ఏడుగురితో ఆగావు.
ఈ సముద్రానికి లెక్కలు రావు.

ఆ ఏడే పిల్లల బంతి తగిలి నీ ముక్కు ఊడింది.
కోపం ముక్కు మీద ఉంటుందంటారు,
ముక్కే పోయాక ఎక్కడ పెట్టుకున్నావ్?
నాది పెట్టుకోవడానికి చోటు దొరక్క
నీ పక్కనే కూర్చునేదాన్ని, పొలుసుల ఏప్రన్ కూడా విప్పకుండా.
ఇక నీకు వాసన తెలీదు, క్షమాపణ అడగక్కర్లేదు.
మాటకి అడ్డు రావు. అదొక సుఖం.

నిరుడు రెన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, సొలెన్,
పెట్టెడు బ్రష్షులు, సున్నపు ముద్ద, చెవి మీద పెన్సిల్.
ఫోటో ఏదీ లేదు. పాత ముక్కు ఎలా ఉండేదని ఊరంతా అడిగింది.
ఫాదర్ కొరెంటాన్ గద్దముక్కు అన్నాడు.
గంటలు కొట్టే ముసలాయన పందిముక్కని ఒట్టేశాడు.
రొట్టెలావిడ, అచ్చం మా ఆడబిడ్డదే, అంది.
నా వంతు వచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా తక్కెడ పట్టుకున్నాను అస్మోదే,
ఒక్క గ్రాము తేడా రాలేదు.
"ఎడమకి ఒరిగి ఉండేది," అన్నాను.
"ఇక్కడ చిన్న బొడిపె.
నవ్వితే పక్కలు వెడల్పయ్యేవి."
"దయ్యం నవ్వేదా?" అంది ఆ పిల్ల.
"ఎప్పుడైనా," అన్నాను.
నా వేలు గాల్లో గీసిన గీత మీదే
ఆమె కత్తి నడిచింది, మూడు రోజులు.

ఇప్పుడు ఆదివారాల్లో ఊరంతా
జుడికాయెల్ ముక్కు ముందు వేళ్ళు తడుపుకుని
సిలువ వేసుకుంటారు.
ఎవరూ గుర్తుపట్టలేదు.
అత్త ఉంటే పట్టేది, కన్నది కదా.

నిన్న కాడ్ చేపలు తెగ పడ్డాయి. చేతులు కడుక్కోలేదు.
నీళ్ళలో ముంచకుండా
నేరుగా నీ ముఖం దగ్గర పెట్టాను,
కార్జం నూనె ఇంకా మెరుస్తూనే ఉంది వేళ్ళ మీద.
సున్నమే కదా. తెలుసు.
అయినా ఎంతసేపు నిలబడ్డానంటే
కొవ్వొత్తులు ఆర్పడానికొచ్చిన కుర్రాడు
ఓసారి దగ్గి, వెనక్కి వెళ్ళిపోయాడు.
నువ్వు మాత్రం పారిపోలేదు.